కదపొద్దు

లెంబాంగ్ కొండల మీద గుర్రాల దగ్గర పనిచేసేవాళ్ళలో ఒడాంగ్ అంత నిదానమైన మనిషి ఇంకొకడు లేడనేవాళ్ళు. అతని తండ్రి సంత వీధిలో జట్కా తోలేవాడు. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా ఆ గుర్రానికి తవుడు తప్పేది కాదు. కొడుక్కి నడక రాకముందే గుర్రం కడుపు కింద పాకడం వచ్చిందని తల్లి నవ్వుతూ చెప్పుకునేది. మినీ బస్సులొచ్చి జట్కాలు మూలపడ్డాక తండ్రి గుర్రాన్ని అమ్మేశాడు. ఒడాంగ్ మాత్రం గుర్రాలను వదల్లేదు. ఊరికి పైన, పైన్ చెట్ల వాలులో, అమ్మగారూ అన్నట్టు అందరూ ‘బు’ చేర్చి బు మింతార్సి అని పిలిచే ఆవిడ సవారీ లాయం పెడితే అక్కడ పనికి కుదిరాడు. పేడ ఎత్తడంతో మొదలుపెట్టి, నలభయ్యేళ్ళు వచ్చేసరికి అక్కడి సాయీసులందరికీ పెద్దయ్యాడు. భార్య ఇయాం లాయం గేటు పక్కనే బొగ్గుల పొయ్యి పెట్టుకుని జిగురు బియ్యం అచ్చులు కాల్చి అమ్మేది. చిన్నాపెద్దా అందరూ అతన్ని బాబాయిని పిలిచినట్టు మాంగ్ ఒడాంగ్ అని పిలిచేవాళ్ళు.

శని ఆదివారాలు వస్తే బాండుంగ్ నగరమంతా కొండెక్కినట్టుండేది. కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని కదిలీ కదలక పాకేవి. లాయానికి పిల్లలొచ్చేవాళ్ళు, ప్రేమికులొచ్చేవాళ్ళు, ఫొటో కోసం గుర్రమెక్కి వెంటనే దింపమని కేకలు పెట్టే పెద్దమనుషులొచ్చేవాళ్ళు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పడుతూనే ఉండేవాళ్ళు. పడ్డవాళ్ళను లేవదీసి, బట్టలు దులిపి, తియ్యటి టీ తాగించి, వీలైతే మళ్ళీ అదే గుర్రం ఎక్కించడం. అక్కడి వైద్యం అంతే. దానికి మించి ఏదైనా కావాల్సి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

లారస్ అనే కాలేజీ అమ్మాయి ప్రతి ఆదివారం సవారీ నేర్చుకోవడానికి వచ్చేది. వస్తూ వస్తూ సంచి నిండా క్యారెట్లు తెచ్చి గుర్రాలన్నిటికీ పంచేది. అందులోనూ బొడాస్ అనే తెల్ల గుర్రమంటే ఆమెకు ప్రాణం. ఒక ఉదయం మోకాలెత్తు దుంగ మీంచి దూకించబోతే, దుంగ దాకా వచ్చిన బొడాస్ టక్కున ఆగిపోయింది. అమ్మాయి దాని మెడ మీంచి ఎగిరి అవతల తలకిందులుగా పడింది.

ఒడాంగ్ పరుగున వెళ్ళేసరికి ఆమె కళ్ళు తెరిచే ఉంది.

"మాంగ్, మెడ నొప్పిగా ఉంది. బొడాస్‌కి ఏమీ కాలేదు కదా?"

"దానికేం, దుక్కలా ఉంది. నువ్వు లేవకు నెంగ్, లేవకు తల్లీ, నేనున్నాగా."

లేవబోయిందేమో, ఆమె కుడికాలి బూటు మడమ గడ్డిని రాసుకుంటూ కాస్త పైకి వచ్చింది. అది ఒడాంగ్ చూశాడు. చూసి, పర్వాలేదు, గట్టి దెబ్బేమీ కాదనుకున్నాడు. ఒక చెయ్యి భుజాల కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద వేసి, నిద్రపోయిన కూతుర్ని మంచం మీదికి మార్చేటప్పుడు ఎత్తినట్టు ఎత్తాడు. ఆమె తల అతని మోచేతి మీంచి వెనక్కి వాలిపోయింది. నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది, ఎక్కిళ్ళ లాంటిది. గడ్డి తెచ్చిన వ్యానులో పడుకోబెట్టి, హారన్ మోగిస్తూ కార్ల మధ్య దారి చేసుకుంటూ ఆసుపత్రికి బయల్దేరారు. సగం దారిలో ఆమె అడిగింది.

"మాంగ్, నా కాళ్ళు ఎక్కడ పెట్టారు?"

"ఇక్కడే ఉన్నాయి నెంగ్. నా ఒళ్ళోనే ఉన్నాయి."

"మరి తెలియట్లేదేంటి?"

లారస్ మళ్ళీ నడవలేదు. కొన్ని వారాలకు ఆమె తండ్రి నారింజ పళ్ళ బుట్ట మోసుకుని లాయానికి వచ్చాడు. ఒడాంగ్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "మీరు ఆ వేళ చేతుల మీద మోసుకుపోకపోతే మా పిల్ల ఆ గడ్డిలోనే పోయేది. మీ మేలు ఈ జన్మకు మర్చిపోను" అన్నాడు. ఒడాంగ్ కూడా ఏడ్చాడు. చేతనైంది చేశాననే అనుకున్నాడు.

రెండేళ్ళ తర్వాత పంచాయతీ ఆఫీసువాళ్ళు లాయాలవాళ్ళనీ జీపు డ్రైవర్లనీ పిలిచి ప్రథమ చికిత్స నేర్పించారు. నేర్పడానికి వచ్చినతను జెజెన్, కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికే దళంలో పనిచేసేవాడు. వెదురు గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, వాటిలోంచి తడిపిన నూలు దారం గుచ్చి తెచ్చాడు. "ఇది వెన్ను. ఇది లోపలి నరం" అన్నాడు. ఒక ముక్కను కాస్త పక్కకు జరిపి చూపించాడు. దారం నిక్షేపంగా ఉంది. అప్పుడు దాన్ని పైకెత్తి ఒక కొసను వదిలేశాడు. వెదురు అంచుకు ఒరుసుకుని దారం పుటుక్కున తెగింది.

ఒడాంగ్ చెయ్యెత్తాడు. "పడ్డప్పుడే తెగిందా, ఎత్తినప్పుడు తెగిందా అనేది ఎలా తెలుస్తుంది?"

"ఎత్తకముందు కాళ్ళు కదిపారా లేదా అన్నదాన్ని బట్టి కొంత తెలుస్తుంది. ఏం మాంగ్, మీ దగ్గర అలాంటిదేమైనా జరిగిందా?"

"లేదు. ఊరికే అడిగాను."

ఆ తర్వాత జెజెన్ ఇంకా చాలా చెప్పాడు. రబ్బరు బొమ్మను పక్కకు తిప్పి చూపించాడు, నోట్లో వేలు పెట్టి చూపించాడు, గుండె మీద నొక్కి చూపించాడు. డ్రైవర్లు బొమ్మకు పెళ్ళి సంబంధాలు మాట్లాడుతూ పడీ పడీ నవ్వారు. ఒడాంగ్ తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక్క ముక్కా అతని చెవికెక్కలేదు.

లారస్ కాలు కదిపిన సంగతి ఇయాంకి కూడా చెప్పలేదు. లారస్ వాళ్ళ ఇంటి దారి తొక్కడం మానేశాడు. లాయంలో మాత్రం మనిషి మారిపోయాడు. బు మింతార్సి దగ్గరికి వెళ్ళి, ఎవరైనా పడితే ఏం చెయ్యాలో ఒక పద్ధతి పెట్టుకుందామన్నాడు.

ఆవిడ ముఖం చిట్లించింది. "వచ్చేవాళ్ళ ముందు ఈలలూ పరుగులూ ఏంటి ఒడాంగ్? మన దగ్గర పడతారని మనమే చాటింపు వేసుకున్నట్టుంటుంది."

"పడుతున్నారు కదా బు."

జనం లేని రోజు చూసి చేసుకోమంది ఆవిడ.

అప్పటినుంచి జనం రాని సోమవారాల్లో అతను సాయీసులకు కసరత్తు పెట్టేవాడు. ఈల మోగితే ఎక్కడివాళ్ళు అక్కడ సవారీ ఆపాలి. గుర్రాల మీద ఉన్నవాళ్ళందరినీ దించాలి. గేటు మూసెయ్యాలి, బెదిరిన గుర్రం రోడ్డు మీదికి పోకుండా. ఒకడు మోటార్‌సైకిల్ మీద మసీదు మలుపు దాకా వెళ్ళి, కార్ల మధ్య ఇరుక్కోకుండా అంబులెన్సును క్యాబేజీ తోటల వెనక మట్టి దారిన తీసుకురావాలి. ఆ దారి కోసం తోటల వాళ్ళను ఒడాంగ్ ఒక్కొక్కరినే బతిమాలి ఒప్పించాడు. పాత తలుపు చెక్కకు పట్టీలు కొట్టించి పడుకోబెట్టే బల్ల చేయించాడు. అన్నిటికీ మించి ఒకటే మాట: పడ్డ మనిషిని కదపొద్దు. తినేటప్పుడూ అదే, మాలీసు చేసేటప్పుడూ అదే.

ఎంటిస్ అనే సాయీసు ఉండేవాడు. సన్నగా, చురుగ్గా ఉండేవాడు, సవారీలో అతన్ని మించినవాడు లేడు. నోరు ఊరుకునేది కాదు. ఇయాం చేతిలోంచి కాల్చిన అచ్చు జారి కింద పడితే, రెండు చేతులూ చాచి అడ్డం వెళ్ళేవాడు. "తేహ్ ఇయాం, అక్కా, ముట్టుకోకండి! దాని మెడ విరిగింది! డాక్టర్ ఒడాంగ్ గారొచ్చి చూడాలి!" అందరూ నవ్వేవాళ్ళు. ఇయాం గరిటె చూపించి, "నీ మెడ విరుస్తా" అనేది. ఒడాంగ్ నవ్వేవాడు కాదు.

ఒకసారి ఒక కుర్రకారు జట్టులో ఒకతను గుర్రం మీంచి జారి పడితే, ఎంటిస్ అలవాటుగా చెయ్యి పట్టి లేవదీశాడు. అతనికేమీ కాలేదు. లేచి నవ్వుతూ ఫొటో కూడా దిగాడు. కానీ ఒడాంగ్ మైదానానికి అడ్డంగా నడిచి వచ్చి, అందరి ముందూ ఎంటిస్ చెంప ఛెళ్ళుమనిపించాడు. ఎన్నడూ గుర్రం మీద కూడా చెయ్యెత్తని మనిషి.

"ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు. "వాడు బతికినా చచ్చినా నువ్వు ముట్టుకోకు."

ఎంటిస్ చెంప తడుముకుంటూ తలూపాడు. ఆ రోజు నుంచి దాని మీద హాస్యాలాడలేదు. పద్ధతి విషయంలో అందరికంటే గట్టిగా ఉండేవాడు కూడా అతనే అయ్యాడు.

బు తేతి చిమాహి అనే ఊళ్ళో బడి పంతులమ్మ. తోటి పంతులమ్మలతో కలిసి సెలవు రోజున కొండ మీదికి వచ్చింది. ముందు రోజు రాత్రంతా వాన కురిసి, తోటల్లోకి నీళ్ళు పారే కాలవ నిండుగా, బురదగా పారుతోంది. ఆమెను నల్ల గుర్రం గాగాక్ మీద ఎక్కించి, ఎంటిస్ పగ్గం పట్టుకుని కాలవ గట్టు వెంట నడిపిస్తున్నాడు. వెనక స్నేహితురాళ్ళు ఆమెను ఏడిపిస్తున్నారు. "తేతీ, మహారాణిలా ఉన్నావు! హెడ్‌మాస్టరు చూస్తే సెలవు రద్దు చేస్తాడు!" ఆమె నవ్వుతూ వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. అంతలో గాలికి స్ట్రాబెర్రీ మడి మీద కప్పిన ప్లాస్టిక్ పట్ట ఊడి, ఫెళఫెళమంటూ గుర్రం ముఖం మీదికి ఎగిరింది. గాగాక్ ముందుకాళ్ళెత్తి లేచింది. పగ్గం ఎంటిస్ చేతిని కోసుకుంటూ జారిపోయింది. ఆమె కాలవలో బోర్లా పడింది.

ఎంటిస్ ఈల ఊదాడు. పై మైదానంలో ఉన్న ఒడాంగ్‌కి అది వినిపించింది. అతని దగ్గర ముగ్గురు పిల్లలు గుర్రాల మీద ఉన్నారు. పద్ధతి ప్రకారం ముందు వాళ్ళను దించాలి. ఒక పిల్ల జీను పట్టుకుని దిగనని మొండికేసింది. దాన్ని ఊరడించి దించి, గుర్రాలను కట్టేసి అప్పుడు పరుగెత్తాడు. పరుగెత్తుతూ చుట్టూ చూశాడు. గేటు మూసి ఉంది. మోటార్‌సైకిల్ వెళ్ళిపోయింది. ఇద్దరు తలుపు బల్ల మోసుకొస్తున్నారు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. ఆ క్షణంలో అతనికి కొంచెం ధైర్యం కూడా కలిగింది.

కాలవ దగ్గర పెద్ద గొడవగా ఉంది. ఎంటిస్ మోకాళ్ళలోతు నీళ్ళలో వంగి, ఒక చెయ్యి చాచి పంతులమ్మలను ఆపుతున్నాడు.

"ఆవిడను తిప్పు! ఓ కాంగ్, ఓ అన్నా, ఆవిడను తిప్పవయ్యా!" అని ఒకావిడ అరుస్తోంది.

"ముట్టుకోకండి! మెడ విరిగి ఉంటే చచ్చిపోతుంది! అంబులెన్సు వచ్చేస్తోంది, వెనకే ఉండండి!"

"ముఖం నీళ్ళలో ఉంది, కళ్ళు కనపడట్లేదా నీకు?"

"కదపొద్దమ్మా! నా మాట వినండి, కదపొద్దు!"

అతని రెండో చెయ్యి వెనక్కి వెళ్ళి బు తేతి వీపు మీద ఆని ఉంది, ఆమె కదలకుండా. ఆమె కదలడం లేదు. హెల్మెట్ చుట్టూ బురద నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

ఒడాంగ్ కాలవలోకి దూకాడు. వంగి, ఆమె తల కోసం చేతులు చాచాడు. చేతులు ఆగిపోయాయి. ఎంతసేపని చెప్పలేం. ఒక పంతులమ్మ అతని జుట్టు పట్టి గుంజే దాకా. అప్పుడు తల ఒకరూ ఒళ్ళు ఒకరూ పట్టి తిప్పారు. ఆమె నోటి నిండా ఒండ్రు మట్టి. ముఖం తోటలో రాలిపడిన క్యాబేజీ ఆకు రంగులో ఉంది. ఒడాంగ్ వేలితో మట్టి తీశాడు. ఆ పైన ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. జెజెన్ బొమ్మ మీద ఏదో చేశాడని మాత్రం గుర్తొచ్చింది. ఎక్కడ నొక్కాడో, ఎలా నొక్కాడో గుర్తు రాలేదు. తోచినట్టు నొక్కాడు. అంబులెన్సు మట్టి దారిన ఎప్పుడూ రానంత తొందరగా వచ్చింది. ఆసుపత్రిలో ఆమె మెడ ఎముకలు చెక్కు చెదరలేదని చెప్పారు. సాయంత్రానికి ఆమె పోయింది.

పోలీసులొచ్చి అడగాల్సినవి అడిగి వెళ్ళారు. ఖననం అయ్యాక ఆమె భర్త లాయానికి వచ్చాడు. కోపంతో వచ్చాడనుకుని బు మింతార్సి లోపలికి వెళ్ళిపోయింది. అతను కోపంగా లేడు.

"ఆవిడ దగ్గరికి మొదట వెళ్ళిందెవరు?" అని అడిగాడు.

ఎంటిస్ ముందుకొచ్చాడు.

"ఏమైనా అందా బాబూ? మా పేర్లేమైనా...?"

"లేదు పాక్, లేదండీ" అన్నాడు ఎంటిస్. "ఏమీ అనలేదు."

ఆ వారమే ఒడాంగ్ జెజెన్‌ను వెతుక్కుంటూ వెళ్ళాడు. జెజెన్ జరిగిందంతా విన్నాడు.

"ముందు ఊపిరి, తర్వాతే మెడ. ఊపిరి ఆడకపోతే మెడ ఉండి ఏం లాభం? ఆ రోజు గట్టిగా చెప్పిందే అది కదా మాంగ్. మీరు ముందు వరసలోనే కూర్చున్నారు."

"చెప్పారా?"

"బొమ్మను తిప్పి చూపించాను కూడా."

ఒడాంగ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మళ్ళీ చూపించండి" అన్నాడు.

ఎంటిస్ పనికి వస్తూనే ఉన్నాడు కానీ పగ్గం పట్టడం మానేశాడు. పేడ ఎత్తేవాడు, గడ్డి కోసేవాడు. మనుషులు దగ్గరికొస్తే పక్కకు తప్పుకునేవాడు. ఎంటిస్ ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినట్లేదని అతని భార్య వచ్చి ఇయాం దగ్గర ఏడ్చింది. ఒకరోజు లాయంలో ఒడాంగ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పు నీది కాదురా."

"మరెవరిది?" ఎంటిస్ చెయ్యి విదిలించాడు. "ముట్టుకోకన్నది మీరు. ముట్టుకుంటే కొట్టింది మీరు. నాకు తెలుస్తూనే ఉంది మాంగ్, ఆవిడ వీపు మీద చెయ్యి పెట్టినప్పుడు. మొదట కదిలింది. తర్వాత ఆగింది. ఆగితే, కదలకుండా ఉంది, మంచిదే అనుకున్నాను. మీకేం తెలుస్తుంది? మీరు ఎత్తుకెళ్ళిన పిల్ల బతికింది. వాళ్ళ నాన్న మీకు పళ్ళు తెచ్చిచ్చాడు."

గడ్డిని రాసుకుంటూ లేచిన ఆ బూటు మడమ సంగతి ఒడాంగ్ నోటి దాకా వచ్చింది. ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

ఆ తర్వాతి సోమవారం, గట్టు సరిచేద్దాం రమ్మని ఎంటిస్‌ను కాలవ దగ్గరికి పిలుచుకెళ్ళాడు. పార పక్కన పడేసి, కట్టుబట్టలతోనే కాలవలోకి దిగి, సరిగ్గా ఆ చోటే బోర్లా పడుకున్నాడు. ముఖం నీళ్ళలో పెట్టేశాడు.

"ఏంటిది మాంగ్? లేవండి!"

ఒడాంగ్ లేవలేదు. నీళ్ళు చెవుల మీంచి పారుతున్నాయి. కొండ నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి.

"మాంగ్! పిచ్చా మీకు? నేను ముట్టుకోను! చెబుతున్నాను, నేను ముట్టుకోను!"

ఎంటిస్ గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. తేహ్ ఇయాం అని కేక పెట్టాడు. గేటు చాలా దూరం, ఎవరూ పలకలేదు. నీళ్ళలో బుడగలు లేచాయి, తర్వాత లేవడం మానేశాయి. ఒడాంగ్ చెయ్యి ఒకటి ఒండ్రులో గోళ్ళు దించుకుంటోంది. అయినా తల ఎత్తడం లేదు. అది చూసి ఎంటిస్ దూకాడు. ఒక చెయ్యి దవడ కింద వేసి, ముంజేతులు రొమ్ముకూ వీపుకూ దన్నుగా పెట్టి, మనిషిని మొద్దును తిప్పినట్టు ఒక్కసారిగా తన మోకాళ్ళ మీదికి తిప్పుకున్నాడు. ఒడాంగ్ నీళ్ళు కక్కుతూ, దగ్గుతూ, ఊపిరి కోసం పెనుగులాడాడు. ఎంటిస్ అతని రొమ్ము మీద పిడికిళ్ళతో గుద్దుతూ భోరుమని ఏడ్చాడు.

"చచ్చిపోతారనుకున్నాను! మీరూ చచ్చిపోతారనుకున్నాను!"

"ఇలాగే" అన్నాడు ఒడాంగ్ దగ్గు మధ్య. "ఇలాగే తిప్పాలి. నేను నీకు సగమే నేర్పాను."

దాంతో ఎంటిస్ మామూలు మనిషైపోయాడని చెప్పలేం. మళ్ళీ అన్నం తిన్నాడు, మళ్ళీ పగ్గం పట్టాడు. కానీ వేసవి రాకముందే గుర్రాలు వద్దనుకుని, కొండ దిగి పెంకుల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గాగాక్ నుదుటి మీద నుదురు ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఒడాంగ్‌తో చేతులు కలిపాడు, అంతే. లాయానికి రాకపోకలు తగ్గాయి. బు మింతార్సి సగం గుర్రాలను అమ్మి, రోడ్డు వైపు నేలలో కాఫీ దుకాణం కట్టించింది. ఒడాంగ్ మిగిలిన గుర్రాలతో మిగిలాడు. కొత్తగా వచ్చిన సాయీసులకు జెజెన్‌ను పిలిపించి నేర్పిస్తాడు. తను వెనక కూర్చుని, ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టు మొత్తం వింటాడు.

మరుసటి ఏడు ఉపవాసాల నెలకు ముందు, సమాధి దగ్గర ప్రార్థన చేసుకుని బు తేతి భర్త తన కూతురితో లాయానికి వచ్చాడు. ఆ అమ్మాయికి పదిహేనేళ్ళుంటాయి. చోటు చూడాలని పట్టుబట్టిందట. ఒడాంగ్ వాళ్ళను కాలవ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎండాకాలం, నీళ్ళు అడుగంటి ఉన్నాయి.

"అమ్మ తల ఎటువైపు ఉంది?" అని అడిగింది అమ్మాయి.

ఒడాంగ్ చూపించాడు.

"వెంటనే తీశారా?"

తండ్రి కూతురి భుజం పట్టుకుని, "వెంటనే తీశారమ్మా, అంబులెన్సు కూడా..." అనబోయాడు.

"లేదు నెంగ్" అన్నాడు ఒడాంగ్. "వెంటనే తియ్యలేదు. తియ్యొద్దని నేనే వాళ్ళకు నేర్పాను. ముందు తిప్పి ఊపిరి చూడాలని నేర్పలేదు. తీసి ఉంటే బతికేదేమో."

తండ్రి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అమ్మాయి ఒడాంగ్ వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. కాలవ అంచున చతికిలబడి, ఎండిన ఒండ్రు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినిపించినా లేవలేదు. ఒడాంగ్ కూడా ఆ పక్కనే, కొంచెం దూరంగా, ఆమె లేచే దాకా కూర్చున్నాడు.